రెండు రకాల బూట్లతో పరుగెత్తిన జిమ్ థోర్ప్



ఈసారి గోడపత్రికలో ఒక గొప్పవాడి జీవిత చరిత్ర రాసే పని నాకు పడింది. అల్లూరి సీతారామరాజు గారి గురించి మన పత్రికలో ఇప్పటికే నాలుగుసార్లు వచ్చింది. గాంధీగారు, అంబేద్కర్ గారు, కలాం గారు కూడా అయిపోయారు. అందుకని నేను ఆటలవాళ్ళలో వెతికాను. దొరికినవాడు మన దేశంవాడు కాదు. అయినా అతని కథ చదువుతుంటే ఒక రాత్రి స్టడీ అవరంతా అయిపోయింది, లెక్కలు మిగిలిపోయాయి. ఎందుకంటే అతను ఆదివాసి. మనలాగే ట్రంకు పెట్టె పట్టుకొని హాస్టలుకి వచ్చి చదువుకున్నవాడు. పేరు జిమ్ థోర్ప్.

మన సోషలు పుస్తకంలో రెడ్ ఇండియన్లు అని ఉంటుంది కదా, వాళ్ళే. కొలంబస్ దారి తప్పి అమెరికా చేరి అదే ఇండియా అనుకున్నాడు కాబట్టి వాళ్ళకి ఆ పేరు అంటుకుంది. రెడ్ అనేది ఒంటి రంగుని బట్టి తెల్లవాళ్ళు పెట్టినది. నేను మాత్రం అమెరికా ఆదివాసులు అనే రాస్తాను.

జిమ్ పుట్టింది 1887 మే నెలలో. 1888 అని రాసిన పుస్తకాలు కూడా ఉన్నాయి. ఊరు ఇప్పటి ఓక్లహోమా రాష్ట్రంలో ప్రేగ్ అనే చోటికి దగ్గర. అప్పట్లో ఆ ప్రాంతాన్ని ఇండియన్ టెరిటరీ అనేవారు. అంటే ఎక్కడెక్కడి తెగలనో వాళ్ళ అడవుల్లోంచి తరిమి తెచ్చి పడేసిన నేల. జిమ్ వాళ్ళ తెగ పేరు సాక్ అండ్ ఫాక్స్. ఆ నేల కూడా వాళ్ళకి పూర్తిగా మిగల్లేదు. 1891లో ఆ తెగ భూమిని బయటివాళ్ళకి తెరిచేశారు. ఒక్కరోజులో వేలమంది గుర్రాల మీద వచ్చి గుంజలు పాతుకున్నారు. అప్పుడు జిమ్‌కి నాలుగేళ్ళు. భూమి సంగతి మనలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు గనక ముందుకి పోతాను.

తండ్రి హైరాం సగం ఐరిష్, సగం సాక్ అండ్ ఫాక్స్. తల్లి షార్లెట్ పొటావటోమీ తెగ, ఫ్రెంచి రక్తం కూడా ఉంది. జిమ్‌కి తల్లి పెట్టిన తెగ పేరు వా-థో-హక్. వెలుగు పడ్డ దారి అని దాని అర్థం. అతనికి ఒక కవల తమ్ముడు ఉండేవాడు, ఛార్లీ. ఇద్దరినీ తెగ కోసం పెట్టిన హాస్టలు స్కూల్లో వేశారు. తొమ్మిదేళ్ళప్పుడు ఛార్లీ న్యుమోనియా జ్వరంతో పోయాడు. ఆ తర్వాత జిమ్ స్కూల్లో నిలవలేదు. మాటిమాటికీ ఇంటికి పారిపోయేవాడు. ఒకసారి ఇంటికి పోతే తండ్రి వెంటనే వెనక్కి తెచ్చి స్కూలు గేటు దగ్గర దింపాడట. తండ్రి రోడ్డుదారిన ఇంటికి చేరేసరికి జిమ్ అడ్డదారిన పరుగెత్తి ముందే గుమ్మంలో ఉన్నాడట. ఇరవై మైళ్ళ దూరం అది. (ఇది కింది తరగతుల తమ్ముళ్ళు చదివి ప్రయత్నం చెయ్యకండి, వార్డెన్ గారు నన్ను అడుగుతారు.)

ఇంకా దూరంగా ఉంటే పారిపోడని కాన్సాస్ రాష్ట్రంలో హాస్కెల్ అనే స్కూలుకి పంపారు. ఆ తర్వాత తల్లి కాన్పులో పోయింది. 1904లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని కార్లైల్ ఇండియన్ స్కూలుకి పంపారు. ఇంటికి వెయ్యి మైళ్ళ పైమాటే. కొద్దికాలానికే తండ్రి కూడా పోయాడు.

ఈ కార్లైల్ స్కూలు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. దాన్ని 1879లో ప్రాట్ అనే మిలిటరీ ఆఫీసరు పెట్టాడు. పాత మిలిటరీ బారకుల్లోనే. ఆదివాసి పిల్లవాడిలో ఉన్న ఆదివాసిని చంపేస్తే మనిషి మిగులుతాడని ఆయన సిద్ధాంతం. పిల్లలు రాగానే జుట్టు కత్తిరించేవారు. ఆ తెగల్లో చాలామందికి జుట్టు కత్తిరించడమంటే ఇంట్లో చావు జరిగినట్టు. తెల్ల పేర్లు బోర్డు మీద రాసి, కర్రతో ఒకదాన్ని చూపించమని, చూపించినదే ఇక నీ పేరని పెట్టేవారు. సొంత భాష మాట్లాడితే శిక్ష. పూట చదువు, పూట పని. ఇంకోటి ఉంది, దాని పేరు ఔటింగ్. మనకి ఔటింగ్ అంటే నెలలో ఒక ఆదివారం సంతకి పోయి రావడం. అక్కడ ఔటింగ్ అంటే తెల్లవాళ్ళ ఇళ్ళల్లో, పొలాల్లో పనికి పంపడం. జిమ్‌ని కూడా అలాగే పంపారు. ఆ స్కూలు ఆవరణలో 180కి పైగా పిల్లల సమాధులు ఉండేవి. ఈమధ్య కొన్ని తెగలవాళ్ళు వెళ్ళి తమ పిల్లల ఎముకల్ని అడిగి ఇంటికి తెచ్చుకుంటున్నారు.

మన గురుకులాన్ని దానితో పోల్చి రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. మా అమ్మ నెలకోసారి వచ్చి చూసిపోతుంది. సెలవులకి ఇంటికి పోతాం. మేము డార్మిటరీలో సవరలో మాట్లాడుకుంటే ఎవరూ కొట్టరు, ఎవరో ఒకరు నవ్వుతారు అంతే. కాని ఆ బోర్డు, కర్ర సంగతి చదివాక నా పేరు రిజిస్టరులో ఎలా పడిందో ఇంటికి పోయినప్పుడు అడగాలనిపించింది.

1907లో ఒక సాయంత్రం జిమ్ గ్రౌండు పక్కనుంచి పోతున్నాడు. ఒంటి మీద పనిబట్టలు. అక్కడ హైజంపువాళ్ళు బారుని 5 అడుగుల 9 అంగుళాల దగ్గర పెట్టి, దాటలేక అవస్థ పడుతున్నారు. నేనూ ప్రయత్నం చేస్తానన్నాడు. నవ్వారు. అదే బట్టలతో దాటేసి తన దారిన పోయాడు. మర్నాడు కోచ్ పిలిపించాడు. ఆ కోచ్ పేరు పాప్ వార్నర్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాడు.

అమెరికావాళ్ళు ఫుట్‌బాల్ అనేది మన ఫుట్‌బాల్ కాదు. బంతిని చంకలో పెట్టుకొని పరుగెత్తడం, గుద్దుకోవడం, పడెయ్యడం. అప్పట్లో అది పెద్ద కాలేజీల ఆట. కార్లైల్ స్కూలు టీము చిన్నది, మనుషులు కూడా బరువులో తక్కువ. అయినా 1911లో హార్వర్డ్ యూనివర్సిటీని 18-15తో కొట్టారు. జిమ్ దెబ్బ తగిలిన కాలికి కట్టు కట్టుకొని ఆడాడు. 1912 నవంబరులో వెస్ట్ పాయింట్ మిలిటరీ కాలేజీ టీముని 27-6తో ఓడించారు. ఆలోచించండి, ఊండెడ్ నీ అనే చోట అమెరికా సైన్యం ఆడవాళ్ళని, పిల్లల్ని కూడా కాల్చి చంపింది 1890లో. ఇరవై రెండేళ్ళకి ఆ తెగల పిల్లలు రేపటి సైనికాధికారుల్ని గ్రౌండులో ఎత్తి పడేశారు. ఆ సైనికుల టీములో జిమ్‌ని ఆపబోయిన ఒక కుర్రాడు ఐసెన్‌హోవర్. తర్వాత అమెరికా ప్రెసిడెంటు అయ్యాడు.

గెలిచినా పత్రికలు మాత్రం ఒకేలా రాసేవి. కార్లైల్ టీము గెలిస్తే నెత్తిచర్మాలు ఒలిచారని, గొడ్డళ్ళతో దండెత్తారని రాసేవారు. తలమీద ఈకలు పెట్టి బొమ్మలు వేసేవారు. ఆడినవాళ్ళు జుట్టు కత్తిరించుకొని, స్కూలు యూనిఫారం వేసుకున్న పిల్లలు. వాళ్ళ ఎత్తు, వాళ్ళ ప్లాను గురించి రాయడం తక్కువ. మేము జోనల్ ఆటలకి పోయినప్పుడు కబడ్డీ గెలిస్తే పక్క స్కూలువాళ్ళు అడవిలో తిరిగేవాళ్ళు గదా మరి అన్నారు. మేము ఎన్ని నెలలు పొద్దున్నే నాలుగున్నరకి లేచామో వాళ్ళకి తెలీదు.

ఇక అసలు విషయం. 1912 జూలైలో స్వీడన్ దేశం స్టాక్‌హోంలో ఒలింపిక్స్ జరిగాయి. జిమ్ రెండు పోటీల్లో దిగాడు. ఒకటి పెంటాథ్లాన్, అంటే అయిదు ఆటలు: లాంగ్‌జంప్, జావెలిన్, 200 మీటర్లు, డిస్కస్, 1500 మీటర్లు. అయిదింటిలో నాలుగు అతనే గెలిచాడు. జావెలిన్‌లో మాత్రం మూడోవాడు. రెండోది డెకాథ్లాన్, పది ఆటలు. ఆ పోటీ మూడురోజులు నడిచింది. ఒకరోజు అతని బూట్లు మాయమయ్యాయట. ఎవరో ఎత్తుకుపోయారంటారు. అప్పటికప్పుడు రెండు వేరువేరు బూట్లు దొరికితే అవే వేసుకున్నాడు. ఒకటి చెత్తడబ్బాలో దొరికిందని చెబుతారు. ఒక బూటు వదులుగా ఉందని ఆ కాలికి మేజోళ్ళు ఎక్కువ తొడిగాడట. ఆ ఫొటో ఇప్పటికీ ఉంది, రెండు కాళ్ళూ రెండు రకాలుగా కనబడతాయి. డెకాథ్లాన్‌లో షాట్‌పుట్, హైజంప్, 110 మీటర్ల హర్డిల్స్, 1500 మీటర్లు, ఈ నాలుగింటిలో మొదటివాడు. మొత్తం 8,412 పాయింట్లు. రెండోవాడు స్వీడన్‌కి చెందిన హ్యూగో వీస్లాండర్, 7,724. దాదాపు ఏడువందల తేడా. అదే ఒలింపిక్స్‌లో విడిగా హైజంప్‌లో నాలుగో స్థానం, లాంగ్‌జంప్‌లో ఏడో స్థానం కూడా వచ్చింది. మన పి.ఇ.టి. మాస్టారికి ఈ లెక్కలు చూపిస్తే ఒకటికి రెండుసార్లు చదివారు.

స్వీడన్ రాజు తన చేత్తో బహుమతులిచ్చి, లోకంలో ఇతనే గొప్ప ఆటగాడని మెచ్చుకున్నాడు. రాజు పేరుమీద కంచు విగ్రహం ఒకటి, రష్యా జారు పేరుమీద పడవ ఆకారంలో వెండి పాత్ర ఒకటి ఇచ్చారు. కార్లైల్ నుంచే వెళ్ళిన హోపీ తెగ కుర్రాడు లూయిస్ టెవానిమా 10,000 మీటర్లలో వెండి పతకం తెచ్చాడు. అతనైతే కార్లైల్‌కి వచ్చిందే ఖైదీగా. ఒకే హాస్టలు, ఒకే ఒలింపిక్స్. న్యూయార్కులో ఊరేగింపు చేశారు, మేడల మీంచి కాగితం ముక్కలు కురిపించారు. ప్రెసిడెంటు టాఫ్ట్ జిమ్‌కి ఉత్తరం రాసి, మంచి అమెరికా పౌరుడు ఎలా ఉండాలో నిన్ను చూసి నేర్చుకోవాలన్నట్టు పొగిడాడు. ఆ రోజున అమెరికా ఆదివాసుల్లో చాలామందికి పౌరసత్వమే లేదు. అందరికీ వర్తించే చట్టం 1924లో గాని రాలేదు. ఉత్తరం రాసిన గుమాస్తాకి కూడా ఆ సంగతి తట్టలేదు కాబోలు.

ఆరు నెలలు గడిచాయి. 1913 జనవరిలో వుస్టర్ టెలిగ్రామ్ అనే పత్రికలో ఒక వార్త వచ్చింది. జిమ్ థోర్ప్ 1909, 1910 ఎండాకాలాల్లో నార్త్ కరోలినా రాష్ట్రంలో డబ్బు తీసుకొని బేస్‌బాల్ ఆడాడని. అప్పటి ఒలింపిక్స్ రూలు ప్రకారం ఏ ఆటలోనైనా సరే డబ్బు తీసుకున్నవాడు పనికిరాడు. బేస్‌బాల్ ఒలింపిక్స్‌లో లేకపోయినా సరే. అతను తీసుకున్నది ఆటకి రెండు డాలర్లని కొందరు, బాగా దొరికితే వారానికి ముప్పై అయిదని కొందరు రాశారు.

ఆ వార్త నిజమే. జిమ్ ఆడాడు. ఇది నేను దాచి రాయడం లేదు. మా డార్మిటరీలో దీనిమీద రెండు రాత్రులు గొడవయింది. నా పక్క మంచం మిత్రుడు రూలు రూలే అన్నాడు. పరీక్షలో చీటీ దొరికాక, నాకు తెలీదు అంటే ఊరుకుంటారా అన్నాడు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తర్వాత చదివినవి ఇక్కడ రాస్తున్నాను, ఎవరికి వారు చూసుకోండి.

మొదటిది. ఎండాకాలంలో డబ్బుకి బేస్‌బాల్ ఆడే కాలేజీ కుర్రాళ్ళు అప్పట్లో చాలామంది. వాళ్ళు దొంగపేర్లు పెట్టుకొని ఆడేవారు. పెద్దింటి పిల్లలకి ఆ కిటుకు ఎవరో ఒకరు చెప్పేవారు. జిమ్ తన సొంత పేరుతోనే ఆడాడు. అక్కడి పత్రికల్లో అతని పేరు అచ్చయింది కూడా. దాచాలని తెలిసినవాడు అలా చేస్తాడా?

రెండోది. డబ్బు తీసుకోకూడదనే రూలు ఎవరికోసం పుట్టింది? ఇంగ్లండులో పడవ పందేల వాళ్ళు మొదట పెట్టిన రూళ్ళలో కూలిపని, చేతిపని చేసేవాళ్ళు పోటీకే అర్హులు కారు అని ఉండేది. అంటే తీరిక, ఆస్తి ఉన్నవాళ్ళ ఆట వాళ్ళకే మిగలాలని. అదే 1912 స్టాక్‌హోంలో ప్యాటన్ అనే అమెరికా మిలిటరీ ఆఫీసరు ఇంకో పోటీలో అయిదో స్థానం తెచ్చుకున్నాడు. అతనికి సర్కారు జీతం నెలనెలా వచ్చేది. గుర్రపుస్వారీ, తుపాకీ, కత్తి అన్నీ అతని ఉద్యోగంలో భాగమే. అది తప్పు కాలేదు.

మూడోది, నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది. కోచ్ వార్నరూ, స్కూలు సూపరింటెండెంటు ఫ్రీడ్‌మనూ మాకేమీ తెలీదన్నారు. పిల్లవాడు రెండు ఎండాకాలాలు ఎక్కడున్నాడో స్కూలుకి తెలియకుండా ఉంటుందా? మనం గేటు దాటి పుస్తకాల షాపుకి పోవాలంటేనే రిజిస్టరులో సంతకం. ఫుట్‌బాల్ మ్యాచిల టికెట్ల డబ్బు వేలకి వేలు స్కూలుకి వచ్చేది. జిమ్ పేరు చూసే జనం టికెట్టు కొనేవారు. ఆ డబ్బు సంగతి ఎవరూ అడగలేదు. అతని రెండు డాలర్లు మాత్రం అందరికీ కావాల్సి వచ్చింది.

ఒలింపిక్స్ పంపిన అమెరికా సంఘం పెద్దకి జిమ్ ఒక ఉత్తరం రాశాడు. అది వార్నర్ దగ్గరుండి రాయించినదని చాలామంది నమ్ముతారు. తాను ఒక మామూలు ఆదివాసి స్కూలు పిల్లవాడినని, ఇలాంటి రూళ్ళు తెలియవని, మిగతావాళ్ళు పేరు మార్చుకున్నారు గాని తాను అలా చెయ్యలేదని, క్షమించమని అందులో ఉంది. క్షమించలేదు. అమెరికా సంఘం తనంతట తానే పతకాలు వెనక్కి ఇచ్చేసి, స్వీడన్‌కి క్షమాపణ చెప్పుకుంది. రాజు ఇచ్చిన విగ్రహం, జారు ఇచ్చిన పడవ కూడా పెట్టెలో కట్టి పంపించారు. రికార్డుల్లోంచి పేరు కొట్టేశారు.

జనం ఏమన్నారంటే, అన్నిచోట్లా ఒకేలా అనలేదు. రూలు కాపాడారని కొన్ని పత్రికలు మెచ్చుకున్నాయి. రెండు డాలర్లకోసం ఇంత గొప్ప పని చెరిపేస్తారా అని చాలా పత్రికలు, అమెరికా బయట కూడా, రాశాయి. మామూలు జనానికి అతనిమీద అభిమానం తగ్గలేదు. బంగారు పతకాలు తర్వాతి స్థానంవాళ్ళకి పోయాయి, పెంటాథ్లాన్‌ది నార్వేకి చెందిన ఫెర్డినాండ్ బీకి, డెకాథ్లాన్‌ది వీస్లాండర్‌కి. ఆ ఇద్దరూ, గెలిచింది థోర్ప్ గాని మేము కాదనే అన్నారు. ఈ మొత్తం కథలో నాకు వాళ్ళిద్దరి మీద గౌరవం కలిగింది.

ఇంకొక మాట. కార్లైల్ పిల్లలు రెండువందలమందికి పైగా సంతకాలు పెట్టి, మా స్కూల్లో ఏం జరుగుతోందో విచారించమని సర్కారుకి అర్జీ పంపారు. 1914లో పార్లమెంటు సభ్యుల కమిటీ వచ్చింది. తిండి, దెబ్బలు, ఆటల డబ్బు అన్నీ బయటికి వచ్చాయి. సూపరింటెండెంటు పదవి పోయింది, వార్నర్ వేరే కాలేజీకి వెళ్ళిపోయాడు. 1918లో స్కూలే మూసేశారు. ఆ అర్జీ పెట్టిన పిల్లల పేర్లు ఎవరికీ గుర్తులేవు. జిమ్ పేరు గుర్తుంది.

పతకాలు పోయాక అతను బాహాటంగా డబ్బుకి ఆడాడు. న్యూయార్క్ జయంట్స్ బేస్‌బాల్ టీములో చేరాడు, ఆ పెద్ద లీగులో ఆరు సీజన్లు ఆడాడు. ఫుట్‌బాల్లో కాంటన్ బుల్‌డాగ్స్ అనే టీము మ్యాచికి 250 డాలర్లు ఇచ్చింది. 1920లో ఫుట్‌బాల్ లీగు పెట్టినప్పుడు అతన్నే మొదటి ప్రెసిడెంటు చేశారు. ఇప్పుడు ఎన్.ఎఫ్.ఎల్. అని కోట్లు కోట్లు తిరిగేది ఆ లీగే. 1922లో ఒక కుక్కల వ్యాపారి అందరూ ఆదివాసులే ఉన్న టీము ఒకటి పెట్టి జిమ్‌ని కెప్టెన్ని చేశాడు. కుక్కలకి ప్రచారం కావాలని. ఆట మధ్యలో ఆటగాళ్ళ చేత ఈకలు పెట్టించి నాట్యాలు, కత్తులు విసరడాలు చేయించేవాడు. గుడ్డలు మార్చుకొని మళ్ళీ ఆడాలి. మన దగ్గర మంత్రిగారు వస్తే థింసా వెయ్యమంటారు చూడండి, అది కొంచెం గుర్తొచ్చింది. వెయ్యడం మనకి ఇష్టమే. ఆట మధ్యలో అయితే కష్టం.

నలభై దాటాక ఆటలు అయిపోయాయి. అతనికి తాగుడు ఉంది, మూడుసార్లు పెళ్ళయింది. డబ్బు నిలవలేదు. ఇవి కూడా నిజాలే. 1930ల మొదట్లో లాస్ ఏంజెలెస్‌లో పారా గునపం పట్టి మట్టి తవ్వుతున్న అతని ఫొటో పత్రికల్లో వచ్చింది. సినిమాల్లో చిన్నచిన్న వేషాలు వేశాడు. సినిమాల్లో ఆదివాసుల వేషాలకి తెల్లవాళ్ళకి రంగు పూసి పెడుతుంటే, ఆ వేషాలు ఆదివాసులకే ఇవ్వాలని అడిగాడు. తన జీవితకథ హక్కులు ఒక కంపెనీకి 1,500 డాలర్లకి అమ్మేశాడు. 1951లో సినిమా వచ్చింది, పెద్ద హీరో బర్ట్ లాంకాస్టర్ వేశాడు, జిమ్‌కి దక్కింది ఏమంత లేదు.

1932లో లాస్ ఏంజెలెస్‌లోనే ఒలింపిక్స్ జరిగాయి. జిమ్ దగ్గర టికెట్టుకి డబ్బు లేదు. ఆ సంగతి పత్రికల్లో పడ్డాక వైస్ ప్రెసిడెంటు ఛార్లెస్ కర్టిస్ తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కర్టిస్‌ది కూడా తల్లి వైపు కా తెగ రక్తం. థోర్ప్ వచ్చాడని తెలిసి లక్షమంది లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. 1950లో అసోసియేటెడ్ ప్రెస్ వాళ్ళు అమెరికా విలేకరుల్ని ఓటు వెయ్యమంటే, 393 ఓట్లలో 252 అతనికి వచ్చాయి, యాభై ఏళ్ళలో అందరికంటే గొప్ప ఆటగాడని. ఒకప్పుడు అతన్ని బయటపెట్టిందీ పత్రికలే, ఓటు వేసిందీ పత్రికలవాళ్ళే. పతకాలు మాత్రం ఇంకా రాలేదు. మరుసటి ఏడు పెదవికి క్యాన్సరు ఆపరేషన్ జరిగితే ఆసుపత్రికి కట్టడానికి లేక ధర్మవార్డులో ఉన్నాడు.

1953 మార్చి 28న కాలిఫోర్నియాలో లొమిటా అనే చోట, చక్రాల ఇంట్లో ఉంటూ, గుండెపోటుతో చనిపోయాడు. ఆ జనవరిలోనే ఐసెన్‌హోవర్ ప్రెసిడెంటు అయ్యాడు.

దీని తర్వాత జరిగింది చదివి నేను పుస్తకం మూసేశాను, మళ్ళీ మర్నాడు తెరిచాను. శవాన్ని ఓక్లహోమాకి తెచ్చారు. తెగవాళ్ళు తమ పద్ధతిలో రాత్రంతా కర్మకాండ మొదలుపెట్టారు. పిల్లలు, బంధువులు భోజనాలకి కూర్చున్నారు. ఆ మధ్యలో మూడో భార్య పట్రీషియా పోలీసుల్ని, శవాల బండిని వెంటబెట్టుకొని వచ్చి పెట్టె ఎత్తించుకుపోయింది. చట్టప్రకారం భార్యకి హక్కుంది. పోలీసులు భార్య మాటే విన్నారు, తెగవాళ్ళ కర్మ పూర్తికాలేదన్నది వాళ్ళ చట్టంలో లేదు. మా సవర ఊళ్ళల్లో చనిపోయినవాళ్ళ పేర రాయి నిలబెడతాం. అది అయ్యేదాకా ఆ మనిషి సర్దుకోడని మా తాత చెప్తాడు. సగంలో ఆపితే ఏమవుతుందని అడిగితే తాత ఏం చెప్తాడో నేను ఊహించుకోలేను.

ఓక్లహోమా సర్కారు సమాధి కట్టడానికి డబ్బు ఇవ్వనంది. పెన్సిల్వేనియాలో మాక్ చంక్ అని, బొగ్గు వ్యాపారం పడిపోయి బక్కచిక్కిన ఊరు ఉంది. ఊరిని బాగుచేసుకుందామని అక్కడి జనం వారానికి అయిదు సెంట్లు చొప్పున చందా వేసుకుంటున్నారు. పట్రీషియా వాళ్ళతో ఒప్పందం చేసుకుంది. 1954లో ఆ ఊరూ పక్క ఊరూ కలిసి జిమ్ థోర్ప్ అని పేరు మార్చుకున్నాయి, శవాన్ని తీసుకున్నాయి, 1957లో సమాధిలో పెట్టాయి. బతికి ఉండగా అతనికి ఆ ఊరితో సంబంధం లేదు. ఆ ఊరివాళ్ళు మాత్రం సమాధిని శ్రద్ధగానే చూసుకున్నారు, అది కూడా చెప్పాలి.

పతకాల కథ ఇంకా ఉంది. 1952 నుంచి 1972 దాకా ఒలింపిక్ కమిటీ పెద్ద ఏవరీ బ్రండేజ్. ఇతను 1912లో అవే పోటీల్లో జిమ్‌తో పోటీపడి ఓడిపోయినవాడు. ఎవరెన్ని అర్జీలు పెట్టినా పతకాలు ఇవ్వనన్నాడు. జిమ్ జీవితం రాసిన రాబర్ట్ వీలర్, ఆయన భార్య ఫ్లోరెన్స్ రిడ్లన్ పాత కాగితాలు వెతికారు. 1912 ఒలింపిక్స్ రూళ్ళ పుస్తకం దొరికింది. ఎవరిమీదైనా అభ్యంతరం ఉంటే ముప్పై రోజుల్లోపల చెప్పాలని అందులో ఉంది. జిమ్ మీద వార్త వచ్చింది ఆరు నెలలకి. అంటే రూలు ప్రకారమే పతకాలు తియ్యడానికి వీల్లేదు. మా పక్క మంచం మిత్రుడికి ఈ పేజీ చూపించాను. రూలు రూలే గదా అన్నాను. అతను దుప్పటి కప్పుకొని పడుకున్నాడు.

1982లో కమిటీ ఒప్పుకుంది. 1983 జనవరిలో అతని పిల్లలకి పతకాలు ఇచ్చారు. అసలువి కావు, మళ్ళీ పోతపోసినవి. అదీ సగమే, బీ, వీస్లాండర్లతో కలిసి సహవిజేత అని రాశారు. ఒంటరిగా అతనొక్కడే విజేత అని రాసింది 2022 జూలైలో. డెకాథ్లాన్ గెలిచి సరిగ్గా 110 ఏళ్ళు. 2024లో అమెరికా ప్రెసిడెంటు బైడెన్ అతనికి దేశపు పెద్ద పురస్కారం ప్రకటించాడు. అదే ఏడు అక్టోబరులో ఆదివాసుల హాస్టలు స్కూళ్ళలో జరిగినదానికి క్షమాపణ చెప్పాడు.

ఒక కొడుకు 2010లో కోర్టుకి వెళ్ళాడు, మా నాన్నని ఓక్లహోమాకి, మా తెగ నేలకి ఇప్పించమని. 2013లో జడ్జి సరేనన్నాడు. 2014లో పైకోర్టు కాదంది. 2015లో సుప్రీంకోర్టు కేసు వినడానికే ఒప్పుకోలేదు. సమాధి పెన్సిల్వేనియాలోనే ఉంది. దాని కింద ఓక్లహోమా మట్టి కొంచెం, స్టాక్‌హోం స్టేడియం మట్టి కొంచెం తెచ్చి వేశారు.

— పదవ తరగతి, బి సెక్షను